ఆసనం కింద నేల

మిచిగన్‌లో ఉంటున్న మా అబ్బాయి ఇంటి బేస్‌మెంటులో దేవుడి గది కట్టుకుంటున్నాడు. కాంక్రీటు గచ్చు మీద ఫోము పలకలు, వాటి మీద వేడినిచ్చే కరెంటు తీగలు, ఆపైన జిగురు సిమెంటు, టైల్సు. పని మొదలెట్టే ముందు ఫోను చేశాడు. "నాన్నగారూ, అడుగంతా ఫోము పరిచేస్తే భూమితో సంబంధం తెగిపోదాండీ? ఆసనం వేసుకునే చోట ఓ గజం వదిలేయమంటారా?"

కొత్తపేట దగ్గర హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. రోజూ సంధ్య వారుస్తాను. ఈ ప్రశ్న రెండు వైపుల నుంచీ నాదే.

ముందు వేడి సంగతి. అక్కడ నేల లోపల పది డిగ్రీలు, అటూ ఇటూ. కాంక్రీటుతో పోలిస్తే ఆ ఫోము వేడిని ముప్పై నలభై రెట్లు తక్కువగా పోనిస్తుంది. అది లేకపోతే తీగల వేడిలో చాలా భాగం మట్టిలోకి దిగిపోతుంది. గజం వదిలితే సరిగ్గా అక్కడే చల్లబడుతుంది, అంచుల దగ్గర టైలు చిట్లే ప్రమాదమూ ఉంది.

ఇక్కడ కోనసీమలో మనకి చలి బాధ లేదు, చెమ్మ బాధ ఉంది. గౌతమీ వశిష్ఠల మధ్య కాస్త తవ్వితే నీరు పడుతుంది. మట్టిలో ఆ నీరు పైకి పాకుతుంది, ముతక ఇసుకలో అంతగా పాకలేదు. అందుకే మెరక చేసి, పునాదుల మధ్య గోదావరి ఇసుక నింపి, అప్పుడు గచ్చు చేసుకుంటాం. మన పూజ గదులన్నీ ఆ ఇసుక అడ్డు మీద వెలిసినవే.

శాస్త్రం కూడా ఉత్త నేల మీద కూర్చోమనలేదు. గీత ఆరో అధ్యాయంలో ధ్యానానికి చెప్పిన ఆసనం గుడ్డ, జింకచర్మం, దర్భలు. శ్లోకంలో ఉన్న వరసను తిరగేసుకోవాలని శంకరులు భాష్యంలో చెప్పారు: అడుగున దర్భలు, పైన చర్మం, ఆపైన గుడ్డ. మూడూ వేడిని అంత తేలిగ్గా పోనివ్వనివే. ఒళ్లు చలికి ముడుచుకుంటే మనసు ఒళ్లు దగ్గరే ఆగిపోతుంది. చుట్టానికి కూడా ముందు పీట వేసి, ఆ తర్వాతే విస్తరి వేస్తాం కదా.

మరి భూమితో సంబంధం ఎక్కడుంది? తెల్లవారి లేచి కాలు కింద పెట్టే ముందు భూదేవిని క్షమించమని అడుగుతామే, అక్కడుందని నా నమ్మకం. అమలాపురంలో మూడో అంతస్తులో ఉన్నవాళ్లూ అడుగుతారు. వాళ్ల దణ్ణం శ్లాబు దగ్గర ఆగిపోదు.

ఇంకోటి. కింద వేడి తీగలున్న టైల్సును సాధారణంగా ఇరవై ఎనిమిది డిగ్రీలకు అటూ ఇటూ ఉంచుతారు. మన కోనసీమ నేల కాస్త లోతున ఏడాది పొడవునా ఉండే వేడి దాదాపు అంతే. దీంతో ఏదీ రుజువవదు. అయినా ఆ లెక్క తేలాక నా ప్రాణం కుదుటపడింది.

మా పురోహితులు ఒప్పుకోలేదు. "పోయేవాణ్ణి మంచం దింపి కింద పడుకోబెడతాం కదండీ. ఆ కింద ఫోము ఉంటే అది నేలేనా?" అన్నారు. గట్టి ప్రశ్నే. ఛాందోగ్య ఉపనిషత్తులో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతువుకి చెప్పింది గుర్తుచేశాను: ఒక్క మట్టిముద్దను తెలుసుకుంటే మట్టితో చేసినవన్నీ తెలిసినట్టే. టైలు కాల్చిన మట్టి. ఫోము ముడిచమురు నుంచి వచ్చింది, చమురు భూమి కడుపులోది. ఆ కడుపులో ఏముందో మనకొకరు చెప్పాలా? 1995లో పాశర్లపూడి గ్యాసు బావి రెండు నెలలకు పైగా మండలేదూ! "అలాగైతే మంచం కర్రా భూమిలోంచి వచ్చిందే, దింపడం దేనికి?" అన్నారాయన.

అక్కడ నా ఛాందోగ్యం చాల్లేదు. రాత్రంతా ఆలోచించాను. మంచం దిగడం మట్టిని తాకడానికని ఇప్పుడు అనుకోవడం లేదు. మనిషి బతికినన్నాళ్లూ తన కోసం అమర్చుకున్న ఎత్తును వదిలేయడం అది. అక్కడా ఉత్త నేల మీద పెట్టరు. అలికి, దర్భలు పరిచాకే పడుకోబెడతారు. అడుగున ఏముందన్నది కాదు, పైనుంచి దిగామా లేదా అన్నదే ముఖ్యం. పురోహితులు దీనికి ఇంకా తల ఊపలేదు. గోడ నుంచి గోడ దాకా ఫోము పరిచెయ్యమని అబ్బాయికి మాత్రం చెప్పేశాను.