దేవుడు కాడు, అయినా గొప్పవాడే

2013 నవంబరు 16, శనివారం. ముంబయిలోని వాంఖడే మైదానంలో సచిన్ టెండూల్కర్ తన 200వ టెస్టు ముగించుకుని, మైకు పట్టుకుని సుమారు ఇరవై నిమిషాలు మాట్లాడారు. తర్వాత ఒంటరిగా పిచ్ దాకా నడిచి వెళ్ళి, వంగి ఆ నేలను తాకి, కళ్ళు తుడుచుకుంటూ వెనుదిరిగారు. ఇరవై నాలుగేళ్ళ ఆట అలా ముగిసింది.

ఆ సాయంత్రం మగ్రిబ్ నమాజు అయ్యాక ఒక తండ్రి తన కొడుకును వెంటబెట్టుకుని మా దగ్గరకు వచ్చాడు. అబ్బాయికి పన్నెండేళ్ళు. మక్తబులో మా దగ్గరే నాజిరా చదువుతున్నాడు. మేము మదరసా చదువు ముగించి ఆ మసీదుకు వచ్చి అప్పటికి ఎన్నో రోజులు కాలేదు. ఆ మధ్యాహ్నం అబ్బాయి తన తరగతి స్నేహితుడి ఇంట్లో టీవీ చూశాడట. ఆ స్నేహితుడు హిందువు. సచిన్ మాట్లాడుతూ ఉంటే ఆ పిల్లవాడు ఏడుస్తూ టీవీకి దండం పెట్టి, "దేవుడు రిటైరైపోయాడురా" అన్నాడట. మనవాడు లేచి, "దేవుడెక్కడైనా రిటైరవుతాడా? మీవాళ్ళకు ఎవరు కనబడితే వాళ్ళే దేవుళ్ళు" అని చెప్పి వచ్చేశాడట. తండ్రి ముఖంలో గర్వం. "మావాడికి తౌహీద్ బాగా వంటబట్టింది హజ్రత్" అన్నాడు. మేము అబ్బాయి తల నిమిరి "షాబాష్" అన్నాము.

ఆ షాబాష్ సరైనదేనా అన్నదే మా ప్రశ్న.

అబ్బాయి అన్నదాంట్లో మొదటి సగం నూటికి నూరుపాళ్ళూ నిజం. మన తెలుగు పత్రికలు సచిన్‌ను "క్రికెట్ దేవుడు" అని రాసీ రాసీ ఆ మాటకు బరువు లేకుండా చేశాయి. రాసేవారికది ఒక అలంకారం. ముస్లిముకు మాత్రం ఆ పదం అలంకారం కాదు. పుట్టేవాడు, అలసిపోయేవాడు, వయసు మీదపడేవాడు, మరణించేవాడు దేవుడు కాలేడు. ఈ విషయం ఆ ఆటగాడే చాలామంది అభిమానులకంటే బాగా ఎరుగు. తాను దేవుణ్ణి కానని, తాను తప్పులు చేస్తానని, దేవుడు చేయడని ఆయనే చెప్పారు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) తన విషయంలోనే ఈ హద్దు గీశారు. మర్యమ్ కుమారుణ్ణి క్రైస్తవులు హద్దు మీరి పొగిడినట్లు నన్ను పొగడవద్దు, నేను దాసుణ్ణి, అల్లాహ్ దాసుడు, ఆయన ప్రవక్త అని మాత్రమే అనండి అన్నది ఆ హితవు సారాంశం. ప్రవక్తకే వర్తించిన హద్దు బ్యాట్స్‌మన్‌కు వర్తించదా?

ఆ వీడ్కోలు ప్రసంగంలో మరో మాట ఉంది. తన గురువు ఆచ్రేకర్ గారు తనను ఏనాడూ "బాగా ఆడావు" అనలేదని, అంటే శిష్యుడు తృప్తిపడి కష్టపడడం మానేస్తాడని ఆయన భయమని సచిన్ చెప్పారు. ఒక మనిషి మరొకరిని ముఖం మీదే పొగిడితే ప్రవక్త (స) "నీ మిత్రుని మెడ కోశావు" అన్న భావంలో హెచ్చరించారు. పొగడక తప్పకపోతే "నేను ఆయనను ఇలా భావిస్తున్నాను, అసలు లెక్క అల్లాహ్ దగ్గర ఉంది" అనమని నేర్పారు. ఈ హదీసును మేము ఎన్నోసార్లు పాఠం చెప్పాము. చెప్పినవాళ్ళమే ఆ రోజు ఒక పన్నెండేళ్ళ పిల్లవాణ్ణి ముఖం మీదే పొగిడాము.

ఇక రెండో సగం. "మీవాళ్ళకు ఎవరు కనబడితే వాళ్ళే దేవుళ్ళు" అన్నది తౌహీద్ కాదు, వెక్కిరింత. బహుదైవారాధకులు కొలిచేవాటిని దూషించవద్దని సూరా అల్ అన్ఆమ్ 108వ ఆయతులో విశ్వాసులకు ఆజ్ఞ ఉంది. అబద్ధ దైవాలను నిజమని ఒప్పుకోమని దాని అర్థం కాదు. ఎదుటివాడి గుండెను గాయపరిచి సత్యం చెప్పలేమని దాని అర్థం.

ప్రవక్త (స) మక్కా జీవితంలో అత్యంత కష్టమైన రోజుల్లో తాయిఫ్ నుంచి తిరిగివచ్చినప్పుడు, పట్టణంలో అడుగు పెట్టడానికే ఎవరో ఒకరి రక్షణ కావలసివచ్చింది. ముత్‌ఇమ్ బిన్ అదీ అనే ఖురైష్ నాయకుడు ఆ రక్షణ ఇచ్చాడు. తన కొడుకులకు ఆయుధాలు ధరింపజేసి కాబా దగ్గర నిలబెట్టాడు. ఆయన ఇస్లాం స్వీకరించకుండానే మరణించాడు. బద్ర్ యుద్ధంలో ఖైదీలు పట్టుబడినప్పుడు ప్రవక్త (స) ఆయనను గుర్తు చేసుకున్నారు. ముత్‌ఇమ్ ఇప్పుడు బ్రతికి ఉండి వీరి గురించి అడిగితే, ఆయన కోసం వీరందరినీ వదిలేసేవాణ్ణి అన్నారు. దీన్ని మనకు అందించినది ఆయన కుమారుడు జుబైర్ (రజి). తర్వాతి కాలంలో ఆయన ముస్లిం అయ్యారు. తండ్రి విశ్వాసం వేరు, ఆయన చేసిన మేలు వేరు. మొదటిదాన్ని ప్రవక్త (స) ఒప్పుకోలేదు, రెండోదాన్ని మరిచిపోలేదు.

అదే నవంబరులో పాకిస్తాన్ తాలిబాన్ ప్రతినిధి ఒకడు వీడియోలో కనిపించి, అక్కడి పత్రికలు సచిన్‌ను పొగడడం ఆపాలని హెచ్చరించాడు. అతను భారతీయుడు కాబట్టి ఎంత గొప్పగా ఆడినా మెచ్చుకోరాదట. మిస్బా పాకిస్తానీ కాబట్టి ఎంత చెత్తగా ఆడినా మెచ్చుకోవాలట! చేతిలో ధర్మం జెండా, నోట్లో మాత్రం జాహిలియత్ కాలపు మాట. తన జాతిని ప్రేమించడం తప్పు కాదని, అన్యాయంలో తన జాతికి కొమ్ముకాయడమే అసబియ్యత్ అని హదీసు చెబుతోంది. ఒక జనం మీది ద్వేషం మిమ్మల్ని న్యాయం తప్పేలా చేయరాదని సూరా అల్ మాయిదా 8వ ఆయతు ఆజ్ఞాపిస్తోంది. ఆటలో స్కోరు చెప్పడం కూడా ఒక సాక్ష్యమే. 34,357 అంతర్జాతీయ పరుగులు, నూరు శతకాలు చేసినవాడిని గొప్ప ఆటగాడనడానికి నోరు రాకపోతే అది దొంగ సాక్ష్యం.

ముస్లిం ఆటగాళ్ళు ఆ సాక్ష్యం ఏనాడో చెప్పారు. 1994 మార్చిలో ఆక్లండ్‌లో సచిన్ మొదటిసారి వన్డేలో ఓపెనర్‌గా దిగి 49 బంతుల్లో 82 పరుగులు చేసినప్పుడు, ఆ అవకాశం ఇచ్చిన కెప్టెన్ మన హైదరాబాదు అజహరుద్దీన్. 2011 ఏప్రిల్ 2 రాత్రి ప్రపంచ కప్పు గెలిచాక సచిన్‌ను భుజాల మీద మోసినవారిలో యూసుఫ్ పఠాన్ ఒకరు. వారి తండ్రి వడోదరలో ఒక మసీదు ముఅజ్జిన్. ముఅజ్జిన్ కొడుకు భుజం ఇచ్చాడు, నుదురు ఇవ్వలేదు. భుజం మీద మోయడానికీ, సజ్దా చేయడానికీ ఉన్న దూరం మన పిల్లలకు నేర్పితే చాలు.

కొందరు సోదరులు మరో చివరికి వెళతారు. మతాల మధ్య గౌరవం కావాలంటే అన్నీ ఒకటేనని ఒప్పుకోవాలి అంటారు. మాకది గౌరవంలా తోచదు. సచిన్ సత్యసాయి బాబా భక్తుడు. 2011 ఏప్రిల్ 24న, సరిగ్గా సచిన్ పుట్టినరోజునే బాబా మరణిస్తే ఆయన వేడుకలు మానుకుని పుట్టపర్తి వెళ్ళారు, కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఆ భక్తిని మేము పంచుకోలేము. ఏ మనిషీ ఆరాధనకు అర్హుడు కాడన్నది మా విశ్వాసం, అడిగితే దాచము. కానీ ఆ కన్నీళ్ళు నటన కాదు. దుఃఖంలో ఉన్న మనిషిని చూసి నవ్వడానికి మన ధర్మంలో అనుమతి లేదు. ఒక యూదుని శవయాత్ర వెళుతుంటే ప్రవక్త (స) లేచి నిలబడ్డారు. ఆయన యూదుడు కదా అంటే, "అది ఒక ప్రాణం కాదా?" అన్న భావంలో బదులిచ్చారు. "మీదీ మాదీ ఒకటే" అని ఆయన అనలేదు. లేచి మాత్రం నిలబడ్డారు.

ఈ గౌరవాన్ని ఇతరుల నుంచి మనమూ ఆశిస్తాము. దక్షిణాఫ్రికా ఆటగాడు హాషిమ్ ఆమ్లా మద్యం కంపెనీ గుర్తు ఉన్న చొక్కా వేసుకోనంటే అక్కడి బోర్డు ఒప్పుకుంది. ఆయన 2019లో అంతర్జాతీయ ఆట మానేదాకా ఆ గుర్తు లేకుండానే ఆడారు. 2022 జనవరిలో హోబర్ట్‌లో యాషెస్ గెలిచిన ఆస్ట్రేలియా జట్టు షాంపేన్ చల్లుకోబోతుంటే ఉస్మాన్ ఖవాజా పక్కకు తప్పుకున్నాడు. కెప్టెన్ పాట్ కమిన్స్ అది గమనించి సీసాలు కింద పెట్టించి ఖవాజాను వేదిక మీదికి పిలిచాడు. షాంపేన్ తప్పని కమిన్స్ అనుకోలేదు. ఖవాజాకు అది తప్పని తెలుసుకున్నాడు, అంతే. ఆ దృశ్యాన్ని మనవాళ్ళు ఎంతో మురిసిపోతూ ఒకరికొకరు పంపుకున్నారు. అలాంటి పని మన పొరుగువారి కోసం మనం ఎప్పుడు చేశామో కూడా లెక్క వేసుకోవద్దా?

ఆ అబ్బాయి సంగతి. కొన్ని వారాల తర్వాత అసర్ వేళకు అతను ఆటకు వెళ్ళకుండా మసీదు మెట్ల మీదే కూర్చోవడం గమనించాము. ఎందుకని అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. బ్యాటు ఆ స్నేహితుడిదట. వాడు పిలవడం మానేశాడట. తర్వాత తల వంచుకుని, "ఆ రోజు నాక్కూడా ఏడుపొచ్చింది హజ్రత్. వాడు చూస్తాడని అలా అనేసి వచ్చేశాను" అన్నాడు.

మేము కాసేపు ఏమీ అనలేకపోయాము. మేము తౌహీద్ అనుకుని మెచ్చుకున్నది, ఒక పిల్లవాడు తన కన్నీళ్ళు దాచుకోవడానికి విసిరిన రాయి. ఆ తర్వాత ఇలా చెప్పాము: "వెళ్ళి వాడితో మాట్లాడు. సచిన్‌ను దేవుడని నేను అనను, అనలేను అని చెప్పు. మీవాళ్ళ గురించి అన్నమాట తప్పు అని కూడా చెప్పు. నీకూ ఆయనంటే ఇష్టమని, ఏడుపొచ్చిందని దాచకుండా చెప్పు."

తండ్రికి మా సలహా అంతగా నచ్చలేదు. క్షమాపణ అడిగితే ఈమాన్ బలహీనమైనట్లు కాదా అన్నాడు. ముత్‌ఇమ్ సంగతి చెబితే ఊరుకున్నాడు గానీ, పూర్తిగా ఒప్పుకున్నాడని మేము అనుకోము.

అబ్బాయి మర్నాడు వెళ్ళాడు. స్నేహితుడి తల్లి "ఇన్నాళ్ళూ ఏమైపోయావురా?" అని మాత్రం అడిగిందట. స్నేహితుడు ఏమీ అనకుండా లోపలికి వెళ్ళి బ్యాటు తెచ్చాడట. మగ్రిబ్ అజాన్ వేళకు అబ్బాయి దుమ్ము కాళ్ళతో వుజూ చేయడానికి పరుగెత్తుకొచ్చాడు. ఈసారి మేము షాబాష్ అనలేదు.