ఓడ డెక్ మీద సీమ ఎండ

రాయలసీమకు సముద్రం లేదు. కర్నూలుకు తుంగభద్ర, హంద్రీ ఉన్నాయి. కడప దగ్గర్లో పెన్న పారుతుంది, అదీ వాన కురిసినప్పుడు. మిగతా నెలల్లో కనిపించేది ఇసుకే. అలాంటి నేల మీద ఒక మనిషి బల్ల ముందు కూర్చుని, ప్లాస్టిక్ యుద్ధనౌకకు చెక్క డెక్ రంగు వేస్తున్నాడనుకుందాం. చూసినవాళ్లకు వెంటనే ఒక సందేహం వస్తుంది. ఓడ ఎక్కనివాడికి ఓడ చెక్క సంగతి ఏం తెలుస్తుంది? అడగవలసిన సందేహమే. ఒకదాన్ని పోలినట్టు ఇంకొకటి చేయాలంటే ఏం తెలిసి ఉండాలన్నది కళలో చాలా పాత ప్రశ్న.

ముందు లెక్క చూద్దాం. ఓడ మోడళ్లలో 1:350 బాగా వాడుకలో ఉన్న కొలత. ఆ లెక్కన 263 మీటర్ల జపాన్ యుద్ధనౌక యమాటో 75 సెంటీమీటర్లకు వస్తుంది. దాని మీద నిలబడ్డ నావికుడి ఎత్తు 5 మిల్లీమీటర్లు దాటదు. 15 సెంటీమీటర్ల వెడల్పున్న డెక్ పలక 0.43 మిల్లీమీటర్లవుతుంది. చెక్క డెక్ వేసేటప్పుడు పలకల సందుల్లో జనపనార కూరి, పైన తారులాంటి జిగురు పోస్తారు. ఆ నల్లటి సందు అసలు ఓడలో 6 మిల్లీమీటర్లుంటే, మోడల్‌లో మిల్లీమీటరులో అరవయ్యో వంతు. తల వెంట్రుక అంతకన్నా లావు. కొలత ప్రకారం గీస్తే అది కంటికి ఆనదు. గీయకపోతే డెక్ చెక్కలా ఉండదు. అందుకే మోడల్ మీద ఆ గీత ఎప్పుడూ ఉండాల్సినదానికన్నా లావుగానే ఉంటుంది. కొలతను పట్టుకుంటే చూపు తప్పుతుంది, చూపును పట్టుకుంటే కొలత తప్పుతుంది.

ఇంతకన్నా విచిత్రం ఇంకొకటుంది. ఈ మోడళ్ల కోసం నిజమైన చెక్కతోనే చేసిన డెక్‌లు దొరుకుతాయి. కాగితమంత పలచటి చెక్క రేకును లేజర్‌తో కోసి, వెనక జిగురు పూసి అమ్ముతారు. తీసి అంటిస్తే పని అయిపోతుంది. కానీ చాలా ఏళ్లు రంగులతో పనిచేసిన చేతులు దాన్ని పక్కన పెట్టి మళ్లీ బ్రష్ పట్టుకోవడం ఉంది. కారణం సులువైనదే. ఓడ 350 రెట్లు చిన్నదైంది, చెక్కలోని చారలు మాత్రం చిన్నవి కాలేదు. చెట్టు పెరుగుదల ఎవరి స్కేలుకూ లోబడదు. నాలుగైదు పలకల మీదుగా ఒకే చార సాగిపోతుంటే, అది ఓడ డెక్ కాదు, చెక్క ముక్క అని కన్ను పట్టేస్తుంది. అక్కడ అసలు చెక్క అబద్ధమాడుతుంది, ప్లాస్టిక్ మీది రంగు నిజం చెబుతుంది.

మరి ఆ రంగు చెప్పే నిజం ఏమిటి? కాలం.

యుద్ధనౌకల డెక్‌లకు ఎక్కువగా వాడింది టేకు. ఓక్ చెక్కలోని ఆమ్లం ఇనుప మేకులను తినేస్తుంది, టేకు వాటి జోలికి పోదు. టేకులో సహజంగా ఉండే నూనె తడికి, పురుగుకు అడ్డు నిలుస్తుంది. కొత్తగా పరిచినప్పుడు తేనెరంగులో ఉంటుంది. ఎండ, ఉప్పుగాలి తగిలే కొద్దీ పసుపు ఛాయ పోయి, గోధుమ వన్నె వెలిసి, చివరికి వెండిలాంటి బూడిదరంగుకు వస్తుంది. నీళ్లు పడితే మళ్లీ నల్లబడుతుంది.

ఈ క్రమం తెలియడానికి సముద్రం దాకా పోనక్కర్లేదు. ఆదోనిలోనో ప్రొద్దుటూరులోనో పడమటి ముఖంగా ఉన్న పాత మిద్దె వాకిలి ముందు నిలబడితే చాలు. పైన చూరు నీడ పడినంత మేర టేకు తలుపు ఇంకా ఎర్రగానే ఉంటుంది. నడుము ఎత్తు నుంచి కిందికి ఎండ తిన్న భాగం బూడిదరంగుకు తిరిగి ఉంటుంది. గొళ్లెం చుట్టూ చేతి జిడ్డుకు నల్లగా మెరుస్తుంది. ఒకే చెట్టు, ఒకే తలుపు, మూడు రంగులు. ఏ రంగు ఎక్కడ ఎందుకు వచ్చిందో చెప్పగలిగినవాడు డెక్ కూడా వేయగలడు. ఫిరంగి గోపురం నీడలో టేకు ఎందుకు ముదురుగా ఉంటుందో, జనం నడిచే దారి ఎందుకు పాలిపోతుందో అతనికి వేరే ఎవరూ చెప్పనవసరం లేదు.

ఆ తెలివిని చేతిలోకి తెచ్చే పని మాత్రం ఓపికతో కూడినది. ముందు ఎయిర్‌బ్రష్‌తో లేత ఇసుకరంగు పూస్తారు. సన్నటి టేపు ముక్కలతో కొన్ని పలకలను మూసి, తక్కినవాటి మీద ఒక పిసరు ముదురు పొర వేస్తారు. టేపు మార్చి ఇంకో పొర, ఈసారి కాస్త బూడిదవైపు. పక్కపక్క పలకల మధ్య తేడా ఉందా లేదా అన్నట్టుండాలి. కొట్టొచ్చినట్టు కనబడితే చదరంగం బల్ల అవుతుంది. పొరలు ఆరాక, బాగా పలచన చేసిన ముదురు గోధుమ నూనెరంగును మొత్తం మీద పారిస్తారు. అది సందుల్లో నిలుస్తుంది. పైన మిగిలినదాన్ని పలక పొడవు వెంబడే తుడవాలి. అడ్డంగా తుడిస్తే పలకల మీద అడ్డ మరక పడుతుంది.

రంగును ఎంత పలచన చేయాలన్నదానికీ ఒక కారణముంది. 1:350 మోడల్‌ను 30 సెంటీమీటర్ల దూరం నుంచి చూడటమంటే, అసలు ఓడను 105 మీటర్ల దూరం నుంచి చూసినట్టు. అంత దూరంలో మధ్యనున్న గాలి రంగులను వెలవెలబోయేట్టు చేస్తుంది. అసలు ఓడ మీది రంగునే డబ్బాలోంచి తీసి పూస్తే మోడల్ బొమ్మలా కనిపించేది అందుకే. మంచి పనివాడు చెక్కతో పాటు, కంటికీ చెక్కకూ మధ్యనున్న గాలిని కూడా వేస్తాడు.

ఇక చెక్క ఏది, రోజు ఏది అన్న ప్రశ్న వస్తుంది. యమాటో డెక్‌కు వేసింది టేకు కాదు, హినోకి అనే జపాన్ సైప్రస్ జాతి చెక్క. దాని వన్నె ఇంకా లేత. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా తన యుద్ధనౌకల టేకు డెక్‌లకు ముదురు నీలం పులిమింది, పైనుంచి విమానాలు గుర్తుపట్టకుండా. అంటే ఓడకు ఒకే రంగంటూ ఉండదు, ఆ రోజు రంగు ఉంటుంది. మోడల్ చేసేవాడు సంవత్సరం తేల్చుకోవాలి, వీలైతే నెల కూడా. ఓడ రేవులో ఉందా, నెలల తరబడి సముద్రం మీద ఉందా అన్నది తెలుసుకోవాలి. మోకాళ్ల మీద వరుసగా కూర్చుని ఇసుకరాళ్లతో, నీళ్లతో డెక్‌ను రుద్దిన నావికులు ఆ ఉదయం పని ముగించారా లేదా అన్నదీ ఆలోచించాలి. యుద్ధనౌక చంపడానికి కట్టిన యంత్రం. 1945 ఏప్రిల్ 7న యమాటో వేలమందిని తీసుకుని మునిగిపోయింది. ఫిరంగులు దాని బలాన్ని చెబుతాయి. అరిగిన డెక్ ఒక్కటే దాని మీద మనుషులు బతికారని చెబుతుంది.

ఓడ పొట్ట విషయమూ అంతే. నీటిగీతకు కింద ఎరుపు వేయడం తేలిక. కెరటం తాకి ఎండే ఆ సన్నటి పట్టీలో ఉప్పు తెలుపు, నాచు పచ్చ, తుప్పు చార ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. అక్కడే చేయి నిలబడాలి. నీటిని తట్టుకునే టేకు సంగతికొస్తే, 1817లో బొంబాయిలో ఓడలు కట్టే వాడియా కుటుంబం మలబారు టేకుతో కట్టిన ట్రింకోమలీ యుద్ధనౌక ఇప్పటికీ ఇంగ్లండులోని హార్ట్‌లీపూల్‌లో నీళ్ల మీదే ఉంది. దక్షిణాది చెట్టు రెండు వందల ఏళ్లు ఎలా నిలిచిందో చూడదలచినవారికి అది పాఠం.

చెక్కకు నీటితో ఉన్న చుట్టరికం సీమకు తెలియనిది కాదు. ఉమ్మడి కర్నూలు జిల్లా సంగమేశ్వరంలో వేపమొద్దుతో చేసినదని చెప్పే శివలింగం ఉంది. శ్రీశైలం జలాశయం నిండినప్పుడు గుడి మునుగుతుంది, ఎండాకాలం నీరు తగ్గాక బయటపడుతుంది, పూజలు మొదలవుతాయి. నెలల తరబడి నీటి అడుగున ఉండీ నిలిచిన చెక్క అది. కడప అడవుల్లోని ఎర్రచందనం మరో రకం. చేవ ఎంత బరువంటే నీళ్లలో వేస్తే మునుగుతుంది.

సముద్రానికి దూరంగా ఉన్నవాడు ఓడను ఊహించడం తప్పనుకునేవారు అజంతాను తలచుకోవాలి. ఆ గుహలు దక్కన్ కొండల్లో ఉన్నాయి. అక్కడ ఐదో శతాబ్దపు చిత్రకారుడు గోడ మీద వేసిన ఓడను ఆధారం చేసుకుని మన నౌకాదళం ఒక కుట్టు ఓడను కట్టించింది. పలకలను కొబ్బరితాళ్లతో కుట్టారు. ముందు చిన్న నమూనా చేసి మద్రాస్ ఐఐటీ సహకారంతో నీటిలో పరీక్షించారు. కౌండిన్య పేరుతో అది 2025 మే 21న కార్వార్‌లో నౌకాదళంలో చేరింది. బొమ్మ నుంచి నమూనా, నమూనా నుంచి ఓడ. మెట్ట నేల మీది శ్రద్ధగల చూపు పదిహేను వందల ఏళ్ల తర్వాత సముద్రానికి పనికొచ్చింది.

ఇదంతా తెలిశాక కర్నూలు, కడపల్లో బ్రష్ పట్టినవారిని ఒకటి అడగాలనిపిస్తుంది, ఎందుకంటే సీమకూ పడవలతో పాత పరిచయం ఉంది. సర్ ఆర్థర్ కాటన్ ఆలోచనతో, మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ 1860లలో సుంకేసుల నుంచి కడప దాకా తవ్విన కర్నూలు-కడప (కె.సి.) కాలువ సాగునీటికే కాదు, పడవలకూ ఉద్దేశించినది. దాని మీద లాకులు కట్టారు. తుంగభద్ర మీద జనాన్ని దాటించిన పుట్టి, వెదురు అల్లి అడుగున తోలు కప్పిన ఆ గుండ్రటి పడవ, మన తాతల నాటి మాట. యమాటో పలకల గురించి పుస్తకాలున్నాయి, కొలతలున్నాయి, కిట్‌లున్నాయి. మన పుట్టికి అంత శ్రద్ధ దక్కలేదు. పుట్టి వేసిన చేతులు ఇంకా నది ఒడ్డున ఉండగానే వెళ్లి కొలతలు తీసుకోండి, వెదురు వన్నె రాసుకోండి, తర్వాత ఓడకు పట్టినంత ఓపికతో దాన్నీ చేయండి.