అన్నీ కలిపి పూజిస్తే తప్పా?

దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండే నాకు గురువారం సాయిబాబా గుడి, మంగళవారం కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామి, శుక్రవారం కొత్తపేట అష్టలక్ష్మి గుడి. మా నానమ్మది వైష్ణవం. "ఏదో ఒకటి గట్టిగా పట్టుకోవే" అంటుంది. శివుడు, విష్ణువు, అమ్మవారు, సూర్యుడు, గణపతి, అయిదుగురినీ కలిపి కొలిచే పంచాయతనం కూడా మన సంప్రదాయమే కదా అని నేను వాదించేదాన్ని.

మొన్న ఎల్బీనగర్ హాస్టల్లో ఉండే మా బాబాయి కూతురు అడిగింది: "అక్కా, నీకు తెలిసిన మంత్రం నాకూ నేర్పవా?" నోట మాట రాలేదు. నాకొచ్చినవన్నీ ఫోన్‌లో విన్నవే. 40 రోజుల దీక్ష పట్టి, 11వ రోజుకే వదిలేసి, ఇంకోటి మొదలుపెట్టినదాన్ని నేను.

అప్పుడు రామానుజులవారు గుర్తొచ్చారు. అష్టాక్షరి ఉపదేశం కోసం గోష్ఠీపూర్ణుల దగ్గరికి 18 సార్లు వెళ్లారని వైష్ణవ పెద్దలు చెబుతారు. ఎవరికీ చెప్పొద్దన్న గురువు మాట దాటి, నాకు నరకమొచ్చినా పర్లేదని గుడి ఎక్కి అందరికీ వినిపించారట. ఆయనా నియమం దాటారు. కాకపోతే 18 సార్లు తిరిగాక, ఫలితం తన మీద వేసుకుని దాటారు.

నాలుగు గుళ్లకు వెళ్లడం తప్పని ఇప్పటికీ అనను. కష్టమనిపించినప్పుడల్లా ఇంకో దేవుడి దగ్గరికి జారుకున్నాను చూడండి, తప్పు అక్కడుంది.

చెల్లికి మంత్రం చెప్పలేదు. "ఆదివారం ఇంటికి రా, నానమ్మ దగ్గర విష్ణు సహస్రనామం ఇద్దరం కూర్చుని నేర్చుకుందాం" అన్నాను. మీరు మొదలుపెట్టింది కూడా ఒక్కటైనా చివరిదాకా చేసి చూడండి.

జై శ్రీమన్నారాయణ.