పరుగు అయిపోయిన గుర్రానికి కూడా హక్కు ఉంది

కరీంనగర్ నుండి జగిత్యాల వెళ్లే దారిలో, కొండగట్టు దగ్గరి ఒక గ్రామంలో జుహ్ర్ నమాజు ముగించుకుని బయటికి వస్తుండగా ఒక సోదరుడు నన్ను ఆపాడు. అతని దగ్గర ఒక గుర్రం ఉంది. ఒకప్పుడు హైదరాబాద్ మలక్‌పేట మైదానంలో పరిగెత్తిందట. అక్కడ గెలవడం మానేశాక చేతులు మారి మారి ఇతని దగ్గరికి చేరింది. చుట్టుపక్కల ఊళ్లలో ఎవరింట పెళ్లి అయినా బారాత్‌కు ఇదే గుర్రం. ఇప్పుడు దానికి 18 ఏళ్లు.

"మౌలానా సాబ్, ముంగాలు వాస్తున్నది. సూది ఇప్పిస్తే రెండు దినాలు మంచిగ నడుస్తది, మళ్ల గట్లనే. ఇంకొక్క సీజన్ నడిపిస్తే గునా అయితదా?" అని అడిగాడు.

ప్రియ సోదరులారా! ఈ ప్రశ్న అడిగినందుకే ఆ సోదరుణ్ణి నేను అభినందించాను. చాలామంది అడగరు, అమ్మేస్తారు.

హజ్రత్ యాలా బిన్ ముర్రా (రజి) ఉల్లేఖనం ఒకటి ముస్నద్ అహ్మద్‌లో ఉంది. ఒక ఒంటె దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చింది. ఆయన దాని యజమానిని పిలిపించి, ఇది ముసలిదయ్యేదాకా దీనితో నీళ్లు మోయించుకుని ఇప్పుడు కోయాలనుకుంటున్నావని ఫిర్యాదు చేస్తోందన్నారు. యజమాని నిజమేనని ఒప్పుకుని, ఇక ఆ పని చేయనని మాట ఇచ్చాడు. దీని పరంపర గురించి ముహద్దిసీన్ చర్చించారు. ముసలి పశువును జబహ్ చేయడం హరామ్ అని కూడా దీని అర్థం కాదు. అయితే ఆకలితో ఉంచి, అలసిపోయేదాకా పని చేయిస్తున్న అన్సారీ తోటలోని ఒంటె కన్నీళ్లు పెట్టుకున్న సంఘటన సుననె అబూ దావూద్‌లోనూ ఉంది. నోరులేని జీవి విషయంలో అల్లాహ్‌కు భయపడమని అక్కడ యజమానికి స్పష్టంగా ఆదేశం ఉంది.

మన మధ్య ఈనాడు పశువు భాష తెలిసిన ప్రవక్త లేరు. ఆ గుర్రం కాలి వాపే దాని ఫిర్యాదు. వైద్యం కోసం సూది వేయించి విశ్రాంతి ఇస్తే అది కారుణ్యం. నొప్పి తెలియకుండా చేసి, అదే కాలితో బ్యాండు మోతల మధ్య నాలుగు గంటలు నడిపిస్తే మాత్రం ఫిర్యాదు చేసే నోరు నొక్కేయడమే. నేను అతనితో ఈ మాటే చెప్పాను.

మరి ఎప్పుడు ఆపాలి? యజమాని సాధారణంగా సంపాదన ఆగినప్పుడు ఆపుతాడు. షరీఅత్ దృష్టి పశువు శక్తి మీద ఉంటుంది. దైవప్రవక్త (స) స్వయంగా గుర్రపు పరుగులు నిర్వహించారు. తర్ఫీదు పొందిన గుర్రాలను హఫ్యా నుండి సనియ్యతుల్ విదా దాకా, అంటే 5, 6 మైళ్లు పరిగెత్తించారు. తర్ఫీదు లేనివాటికి అక్కడి నుండి బనూ జురైక్ మసీదు దాకా సుమారు ఒక మైలు మాత్రమే (బుఖారీ, ముస్లిం). అంటే దూరాన్ని నిర్ణయించింది గుర్రం సత్తువే. (మలక్‌పేటలో కాసే పందెం డబ్బు వేరే సంగతి. అది జూదం, అందులో చర్చ లేదు.)

కాబట్టి శరీరం చెప్పేది వినాలి. పని చేసిన మర్నాడు ముంగాలు పట్టుకుంటే వేడిగా ఉందా? ఊపిరి కుదుటపడడానికి మునుపటికన్నా ఎక్కువసేపు పడుతోందా? పని నుండి వచ్చాక దాణా ముట్టడం లేదా? జీను చూడగానే వెనక్కి తగ్గుతోందా? వీటికి పశువైద్యుడు కూడా అవునంటే, ఇంకొక్క సీజన్ అన్న మాటకు చోటు లేదు.

పందెపు గుర్రాలు రెండేళ్ల వయసులోనే మైదానంలోకి దిగుతాయి. చాలావాటికి పదేళ్లలోపే పరుగు అయిపోతుంది. ఆయుష్షు మాత్రం 25 ఏళ్లు దాటవచ్చు. సగానికి పైగా జీవితం మిగిలే ఉంటుంది. 2025లో, వేసవి నడిమధ్యన, హైదరాబాద్ నుండి మధ్యప్రదేశ్‌లోని జబల్‌పూర్ సమీపానికి 57 గుర్రాలను తరలించారు. మే నెల మధ్యకే వాటిలో 8 చనిపోయాయి. వ్యవహారం అక్కడి హైకోర్టుకు చేరింది. తప్పు ఎవరిదో తేల్చడం న్యాయస్థానం పని. పరుగు ఆగిన తర్వాత ఎక్కడ, ఎవరి ఖర్చుతో అన్న ప్రశ్న ముందే వేసుకోవలసిందని మాత్రం మనం గ్రహించవచ్చు.

ఏడో హిజ్రీ శతాబ్దపు మహా పండితుడు ఇమామ్ ఇజ్జుద్దీన్ బిన్ అబ్దుస్సలామ్ (రహ్మ) మనిషిపై పశువుకుగల హక్కుల్లో ఒకటిగా, అది ముసలిదై, జబ్బుపడి ఏ ప్రయోజనమూ ఇవ్వలేని స్థితికి వచ్చినా దాని పోషణ ఖర్చు యజమానిదేనని రాశారు. ఇది విని ఆ సోదరుడు తల వంచుకున్నాడు. ధనవంతుడు కాదు. గుర్రానికి రోజుకు 8, 9 కిలోల గడ్డి కావాలి. ముసలితనంలో పళ్లు అరిగితే దాణా నానబెట్టి పెట్టాలి. పోషించే స్తోమత లేకపోతే అమ్మడం ధర్మసమ్మతమే, కానీ కాలి సంగతి దాచకుండా చెప్పాలి. దాన్ని మళ్లీ బండికి కడతాడని తెలిసిన వానికి ఇవ్వకూడదు. పొలం, నీడ ఉన్న మనిషి ఊరికే తీసుకుంటానన్నా అది నష్టం కాదు.

అజ్బా అనే దైవప్రవక్త (స) ఒంటెను ఏదీ దాటేది కాదు. ఒకరోజు ఒక పల్లెవాసి ఒంటె దాన్ని దాటిపోయింది. సహాబాకు బాధ కలిగింది. లోకంలో పైకెక్కిన దేన్నైనా కిందికి దించడం అల్లాహ్ నియమమని ఆయన వారికి తెలిపారు (బుఖారీ). ఒంటె మీద కోపగించుకోలేదు.

"కానీ మౌలానా సాబ్, వచ్చే జుమా నాడు ఒక బారాత్ ఉన్నది. బయానా తీసుకున్న" అన్నాడు చివరికి. వేరే గుర్రాన్ని ఏర్పాటు చేస్తానని చెప్పు, వారు ఒప్పుకోకపోతే బయానా మొత్తం తిరిగి ఇవ్వాలి అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మసీదు అరుగు మీద కూర్చుని పెళ్లివారికి ఫోన్ కలిపాడు.