ప్రసాదము - జీర్ణశక్తి - మనశ్శాంతి

గురువు, లింగము, జంగమములతో పాటు ప్రసాదమును కూడ అష్టావరణములలో చేర్చిన ధర్మము మనది. అన్నమునకు ఇంతటి స్థానమిచ్చిన మనము ఒక ప్రశ్నకు సమాధానము చెప్పుకొనవలసియున్నది. మనస్సు కలతపడినవానికి "పూజ చేయుము, మనస్సును నిగ్రహించుము" అని బోధించుట సులభము. అతని కడుపు సంగతి విచారింపకయే అట్లు బోధించుట ధర్మమగునా?

కడుపునకు, మనస్సునకు గల సంబంధమును వైద్యులు చిరకాలముగా గమనించుచున్నారు. గాయము పూర్తిగా మూసుకొనని ఒకని కడుపును అమెరికా వైద్యుడు విలియం బోమాంట్ ఏండ్ల తరబడి పరిశీలించెను. కోపము, భయము కలిగినపుడు జీర్ణక్రియ చెడుటను 1833లో గ్రంథస్థము చేసెను. ప్రేగుల నుండి మెదడునకు కూడ వార్తలు పోవుచుండును. ప్రేగుల గోడలలో కోట్లకొలది నాడీకణములు కలవు. వేగస్ అను నాడి అక్కడి స్థితిని మెదడునకు తెలుపును. మనకు అరగని పీచును ప్రేగులలోని సూక్ష్మజీవులు పులియబెట్టి, ప్రేగులకు మేలుచేయు ఆమ్లములుగా మార్చును.

ఆస్ట్రేలియాలో జరిగి 2017లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో మనోవ్యాకులతతో బాధపడు 67 మంది పాల్గొనిరి. 12 వారములు కూరగాయలు, పండ్లు, పప్పులు, ముడి ధాన్యములు హెచ్చుగా గల ఆహారము తీసికొనినవారిలో ఇంచుమించు మూడవ వంతు కోలుకొనిరి. స్నేహపూర్వక సంభాషణ మాత్రమే లభించినవారిలో కోలుకొన్నది నూటికి 8 మంది. ఇది చిన్న పరిశోధన. దీనితోనే తుది నిర్ణయము చేయరాదు. ఆహారము ఔషధమునకు బదులు కాజాలదు. అయినను దీనిని ఉపేక్షింపరాదు.

గద్వాల నడిగడ్డలోను, వనపర్తి, నాగర్‌కర్నూలు గ్రామములలోను పూర్వము జొన్నరొట్టె, సంకటి, అంబలి నిత్యభోజనము. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చి ఎందరి ఆకలినో తీర్చెను. అది మరువరాని మేలు. కాని తెల్లగా పట్టిన బియ్యములో తవుడు, పీచు మిగులవు. బంధువులు వచ్చినపుడు జొన్నరొట్టె వడ్డించుటకు సిగ్గుపడుట మాత్రము మనము తెచ్చిపెట్టుకొన్న దోషము.

మితము విషయమున మనకు దగ్గరి ఆదర్శమే కలదు. ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతులు నడిగడ్డకు పడమట రాయచూరు సీమలోని అమరేశ్వరమువారు. కల్యాణములో రాలిన బియ్యము ఏరుకొనుట వారి కాయకము. ఒకనాడు మారయ్య వాడుకకంటె ఎక్కువ తేగా, ఆ అధికమును తిరిగి అక్కడనే పోసి రమ్మని లక్కమ్మ పంపెను. అక్కరకు మించినది కడుపులోనికి పోకమునుపే మనస్సును చెరచునని ఆమె ఎరుగును.

అయితే మితబోధ నిండుకడుపులకు తగినది. దూరదేశములకు వలసపోయి, వేళ తప్పి, అరకడుపుతో శ్రమించు పాలమూరు కూలీకి ముందుగా కావలసినది అన్నము. అతని చిరాకును, నిద్రలేమిని భక్తిలోపముగా ఎంచుట అన్యాయము. దాసోహము ఉపదేశమునకు ముందు నడువవలెను.

కనుక మఠములలో దాసోహ పంక్తిని జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర, మజ్జిగలతో సమృద్ధము చేయుదము. దిగులుతో మన గడపకు వచ్చినవానిని "తింటివా? అరిగినదా? నిద్ర పట్టినదా?" అని మొదట అడుగుదము. వ్యాధి ముదిరినచో సిగ్గుపడక వైద్యుని యొద్దకు మనమే తోడుగా పోవుదము. ఆకలిని, వ్యాధిని గుర్తించిన తరువాతనే మన మంచిమాట అతని చెవికెక్కును.