ఆ నల్లమచ్చ సంగతి తేల్చుకో, చిన్నా

చిన్నా, నీ పై ముందుపన్ను ఎక్స్‌రే మీ అమ్మ పంపింది. వేరు కొసన గుండ్రంగా, నల్లగా ఉన్నది తిత్తే అయి ఉంటుంది. ఆ మాట వినగానే క్యాన్సరేమోనని నీకు నిద్ర పట్టడం లేదట. జీవితమంతా పళ్లూ దవడలూ చూసిన పెద్దమ్మను, కాస్త నా మాట విను నాన్నా.

దవడ ఎముకలో వచ్చే తిత్తుల్లో సగానికి పైగా ఒక్క రకానివే. రేడిక్యులర్ సిస్ట్ అంటాం. చచ్చిన పంటి వేరు దగ్గర పుడుతుంది. బడిలో నీకు క్రికెట్ బంతి తగిలిన పన్నే కదా ఇది! పన్ను విరగలేదు, నొప్పీ తగ్గిపోయింది. లోపలి నరం మాత్రం చచ్చిపోయి ఉంటుంది, అందుకే పన్ను బూడిదరంగుకు తిరిగింది. చచ్చిన గుజ్జులో చేరిన సూక్ష్మజీవుల వల్ల వేరు కొసన వాపు మొదలవుతుంది. పన్ను తయారైనప్పుడు వేరు చుట్టూ మిగిలిపోయిన కణాలు ఆ వాపుకు మేల్కొని పెరుగుతాయి. మధ్యలో నీరు చేరుతుంది, చుట్టూ ఎముక కరుగుతుంది. చీము పడితే తప్ప ఏళ్ల తరబడి నొప్పే ఉండదు. నొప్పి లేదు కదా అని నువ్వు వాయిదా వేస్తావేమోననే నా బెంగంతా.

దాని తరవాత ఎక్కువగా కనిపించేది డెంటిజెరస్ సిస్ట్, సుమారు ఐదోవంతు. బయటికి రాలేక ఎముకలో ఇరుక్కున్న పంటి తల చుట్టూ కడుతుంది. కింది జ్ఞానదంతాలకు ఎక్కువ, ఆ తరవాత పై కోరపళ్లకు.

ఇంకా తక్కువగా వచ్చేది కెరటోసిస్ట్. ఇది మొండిది. దవడ పైకి ఉబ్బకుండా ఎముక పొడవునా లోలోపలే పాకుతుంది, తీసేశాక కూడా తరచూ తిరిగొస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో దీన్ని కణితుల్లో చేర్చి, 2017లో మళ్లీ తిత్తుల్లోకి తెచ్చింది. అమెలోబ్లాస్టోమా అనే కణితి కూడా ఎక్స్‌రేలో తిత్తిలాగే కనిపించగలదు. అలాంటప్పుడు ఒక్క ఎక్స్‌రే చూసి నేను గానీ మీ డాక్టరు గానీ ఇది ఫలానాదేనని ఒట్టేసి చెప్పలేం.

నీది మొదటి రకమేనని నా నమ్మకం. అయినా పన్ను నిజంగా చచ్చిందో లేదో ముందు పరీక్ష చేయించుకో. చచ్చిందంటే రూట్ కెనాల్ మొదలుపెట్టించు, మొదలుపెట్టాక మధ్యలో మానకు. మచ్చ చిన్నదైతే చాలాసార్లు దాంతోనే ఎముక పూడుతుంది. పెద్దదైతే తిత్తిని ఆపరేషన్ చేసి తీస్తారు. తీసిన పొరను బయాప్సీకి పంపమని నోరు తెరిచి అడుగు, రిపోర్టు చేతికి తీసుకో. ఆ ఖర్చు దండగ అనేవాళ్ల మాట వినకు. పన్ను పీకించుకుంటే సరిపోతుందనీ అనుకోవద్దు. తిత్తి లోపలే ఉండిపోతే పన్ను లేని చోట కూడా పెరుగుతుంది. ఆరు నెలలకోసారి, ఏడాదికోసారి డాక్టరు రమ్మన్నప్పుడు వెళ్లి ఎక్స్‌రే తీయించుకో, ఎముక ఎంతవరకు నిండిందో తెలుస్తుంది.

అన్నట్టు, చెల్లికి పద్నాలుగు నిండినా పైన ఒక కోరపన్ను రాలేదని అమ్మ అంటోంది. నువ్వు వెళ్లేటప్పుడు దాన్నీ వెంటబెట్టుకెళ్లు, రెండు దవడలూ కనిపించే ఓపీజీ ఎక్స్‌రే ఒకటి తీయించు.