సభ్యుడా, చందాదారుడా?

ఒక సంఘాన్ని యేళ్ల తరబడి అంటిపెట్టుకొని వున్న మనిషికి ఆ సంఘం యేమైనా బాకీపడి వుంటుందా? లేక చందాకు తగిన సౌకర్యం పొందాడు గనుక లెక్క యెప్పటికప్పుడు చెల్లిపోయినట్లేనా? సిద్దిపేటలో నేను సభ్యుడుగా వున్న ఒక మోటారు సైకిళ్ల యజమానుల క్లబ్బును చూసి యీ ప్రశ్న వేస్తున్నాను. ఇంత చిన్న విషయానికి యీ పత్రికలో చోటెందుకని మిత్రులు కొందరు అడగవచ్చు. పదిమంది కలిసి చందా వేసుకొన్న ప్రతిచోటా ప్రజాస్వామ్యం అలవాటవుతుంది, లేదా చెడిపోతుంది. అందుకని యిది చిన్న విషయం కాదని నా అభిప్రాయం.

మా ప్రాంతంలో మోటారు సైకిలు విలాస వస్తువు కాదు. పాలక్యాన్లు కట్టుకొని పట్నానికి వచ్చే రైతుకూ, బస్సు సరిగా అందని వూరి బడికి పోయే ఉపాధ్యాయుడికీ అది పనిముట్టు. క్లబ్బు యీ అవసరంలోంచే పుట్టింది. రాజీవ్ రహదారి మీద కుకునూర్‌పల్లి దగ్గరో, దుద్దెడ దగ్గరో రాత్రివేళ బండి ఆగిపోతే, ఫోను అందుకొన్న సభ్యుడెవరో పానాలు పట్టుకొని వచ్చేవాడు. కూలి అడిగేవాడు కాదు.

తరువాత ఒక షోరూము ప్రాపకం వచ్చింది. దానితోపాటు టోపీలూ, జెండాలూ, ఫొటోలూ వచ్చాయి. కొత్త బండి కొన్నవారికి మొదటి యేడు చందా మాఫీ చేశారు. పన్నెండేళ్లుగా కడుతున్న మాకు చందా పెంచినట్లు నోటీసు పంపారు. అందరూ కలిసి బయలుదేరినప్పుడు పాత బండ్లు వెనక వరుసలో వుండాలన్నారు. మూడేళ్లుగా సర్వసభ్య సమావేశం లేదు; జమాఖర్చులు చదివినవారు లేరు. వీటన్నిటికంటె నన్ను బాధించినది వేరొకటి వున్నది. మొదటినుంచీ మా బండ్లను ఉచితంగా బాగుచేసిన మెకానిక్కు పేరు సభ్యుల పట్టీలోంచి తీసేశారు. అతని పేర సొంత బండి లేదట! వంద బండ్లను నడిపించిన చేతికి ఒక రిజిస్ట్రేషన్ కాగితం లేకపోవటం అనర్హత అయింది. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అనే సామెత పాతదే. ఇక్కడ ఓడ నడిపినవాడు శ్రామికుడు, దాటినవారు ఆస్తిపరులు కావటం మనం గమనించాలి.

దీనికి కార్యవర్గం చెప్పిన సమాధానం వొక్కటే: ఇష్టం లేనివారు మానుకోవచ్చు. సంతలో యిది న్యాయమైన మాటే. ఒక దుకాణం నచ్చకపోతే యింకొక దుకాణానికి పోతాం. కాని క్లబ్బు మమ్మల్ని సంతభాషలో పిలవలేదు. మనమంతా ఒక కుటుంబమన్నది. పని చేయించుకొనేటప్పుడు కుటుంబం, హక్కు అడిగితే బజారు! యీ రెండు తూకపురాళ్లు పెట్టుకోవటమే అసలు అన్యాయం.

వ్యాపారానికి యీ విద్య కొత్తది కాదు. హార్లీ-డేవిడ్‌సన్ కంపెనీ 1983లో తన బండ్ల యజమానులకొక బృందాన్ని తానే నెలకొల్పింది. లోకమంతటా ఆ బృందం సోదరభావాన్ని చాటింది. 2020 సెప్టెంబరులో ఆ కంపెనీయే హర్యానాలోని బావల్ కర్మాగారాన్ని మూసివేస్తామనీ, యీ దేశంలో తన అమ్మకాల కార్యాలయాన్ని బాగా కుదిస్తామనీ ప్రకటించింది. మరుసటి నెలలో అమ్మకాల, మరమ్మతుల బాధ్యత హీరో మోటోకార్ప్‌కు అప్పగించింది. లాభనష్టాలు చూసుకొనే కంపెనీ తన ధర్మం ప్రకారమే నడుచుకొన్నది. ఆ నిర్ణయం జరిగిన బల్ల దగ్గర "సోదరుడి"కి కుర్చీ లేదు, అంతే. కంపెనీ పెట్టిన బృందంలో యిది వింత కాదు. మనం పెట్టుకొన్న సంఘం అదే దారి పట్టటం వింత.

అంటిపెట్టుకొన్నవాడే యెందుకు చులకన అవుతాడు? అల్బర్ట్ హిర్ష్‌మన్ అనే ఆర్థికవేత్త 1970లో ప్రచురించిన గ్రంథంలో విసిగిన మనిషికి రెండు మార్గాలున్నాయన్నాడు: వెళ్లిపోవటం, గొంతెత్తటం. నైజీరియాలో రైళ్లు బాగుండకపోతే సరుకు లారీలకు మళ్లింది. గట్టిగా అడగగలవారు వెళ్లిపోవటంతో రైళ్లు బాగుపడనే లేదు. విశ్వాసం మనిషిని వెళ్లనీయకుండా ఆపి, గొంతెత్తటానికి వ్యవధి యిస్తుంది. అయితే గొంతెత్తని విశ్వాసాన్ని కార్యవర్గం జమలో వేసుకొని నిశ్చింతగా వుంటుంది. వెళ్లిపోతాడేమో ననుకొన్నవాడికి కానుకలు. యెక్కడికీ పోడనుకొన్నవాడికి నోటీసులు. పెరటి చెట్టు మందుకు పనికిరాదు గదా!

ఇక్కడ ఒక ఆక్షేపణ వున్నది. పాతవాడికి యెక్కువ గౌరవం కావాలనటం జాగీర్దారీ బుద్ధి కాదా? అవును, వంశపారంపర్యపు పీట వంటిది యెవరడిగినా తప్పే. కాని దీనికి సమాధానాన్ని 1844లో ఇంగ్లండులోని రాచ్‌డేల్ శ్రామికులు ఆచరణలోనే చూపించారు. వారిలో నేతపనివారు చాలామంది. తమ సహకార దుకాణంలో యెక్కువ కొన్నవాడికి మిగులులో యెక్కువ వాటా వచ్చేది. వోటు మాత్రం అందరికీ ఒక్కటే. విశ్వాసానికి ప్రతిఫలం నియమంగా వుండేది గాని, దయగా వుండేది కాదు. అధికారం మాత్రం సమానం. నేను కోరేది యింతే: మార్పుకు ముందు చెప్పాలి, అడగాలి, లెక్క చూపాలి. పన్నెండేళ్లవాడికీ, నిన్న చేరినవాడికీ యీ మూడూ సమానంగా చెందాలి. పని చేసినవాడిని సభ్యుడుగా గుర్తించాలి.

ఈ విమర్శ మోటారు సైకిళ్ల దగ్గర ఆగదు. రాబర్ట్ మిచెల్స్ 1911లో, సంఘాలు పెరిగినకొద్దీ కొద్దిమంది చేతిలోకి పోతాయని రాసినప్పుడు, ముఖ్యంగా పరిశీలించినది జర్మనీ సోషల్ డెమోక్రటిక్ పార్టీని. అది అనివార్యమని ఆయన తేల్చిన మాటను నేను అంగీకరించను. కాని గోడపత్రికలు అంటించి, కుర్చీలు మోసి, చందా తప్పక కట్టిన కార్యకర్తను మన యూనియన్లు, మన సాహిత్య సంఘాలు యెన్నిసార్లు సంప్రదించాయి? మెకానిక్కు పేరు కొట్టివేసిన కలం మన చేతిలో కూడా వుండవచ్చు.

కనుక నేను క్లబ్బును వదలిపెట్టలేదు. నా విశ్వాసం కార్యవర్గం మీద కాదు. రాత్రివేళ పానాలు పట్టుకొని వచ్చిన ఆ ఉద్దేశం మీద. సర్వసభ్య సమావేశం జరపాలనీ, మెకానిక్కు పేరు తిరిగి చేర్చాలనీ కోరుతూ తయారుచేసిన అర్జీ మీద సంతకాలు సేకరిస్తున్నాం. మౌనంగా కట్టిన చందా మనల్ని చందాదారులుగానే వుంచుతుంది. నిలబడి అడిగిన నాడే సభ్యులమవుతాం.